ఏరేటర్ మోటారు నుంచి ఎంఎస్ సీటు దాకా: ఒక ట్రిపుల్‌ఈ విద్యార్థిని అప్లికేషన్ కథ

ఈ కేసు 2024 ఆగస్టులో మొదలై 2025 జూలైలో ముగిసింది. విద్యార్థినిది పశ్చిమ గోదావరి జిల్లాలో ఆకివీడు వైపు పల్లె. జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న కాలేజీలో ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) ఫైనల్ ఇయర్. సీజీపీఏ 7.6. రెండో ఏడాది ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్‌లో ఒక బ్యాక్‌లాగ్ ఉండి, సప్లిమెంటరీలో క్లియర్ అయింది. పేపర్లు లేవు. ఇంటర్న్‌షిప్ అంటే ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఒకటి ఉంది. తండ్రికి రెండెకరాలు సొంతం, మరికొంత కౌలు, అన్నీ రొయ్యల చెరువులే. నేను ఆ డిపార్ట్‌మెంట్‌లో మెషీన్స్, పవర్ సిస్టమ్స్ చెబుతాను. పై చదువులకి వెళ్లాలనుకునే పిల్లల ఫైళ్లు చూడటం కూడా చాలా కాలంగా నా పనే. ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. తన పేరు, మా కాలేజీ పేరు, ఫలితాలు ఇచ్చిన యూనివర్సిటీల పేర్లు మాత్రం రాయను.

ఇలాంటి ప్రొఫైల్ చూడగానే చాలామంది అనే మాట "యావరేజ్". ఆ మాటతో ఈ ఫైలు మొదలై ఉంటే అక్కడే ఆగిపోయేది. అందుకే ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను.

తను వచ్చినప్పుడు చేతిలో ఉన్నవి

మొదటిసారి వచ్చినప్పుడు ఒక కన్సల్టెన్సీ ఇచ్చిన ఫోల్డర్ తెచ్చింది. అందులో పన్నెండు యూనివర్సిటీల జాబితా ఉంది. సగం డేటా సైన్స్, సగం ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. ఎస్‌ఓపీ, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే వ్యాసం (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) కూడా సిద్ధంగా ఉంది. చిన్నప్పటి నుంచి తనకి టెక్నాలజీ అంటే ఆసక్తి అన్న వాక్యంతో మొదలై, కలాం గారి కొటేషన్ మీదుగా, ప్రపంచ స్థాయి ఫ్యాకల్టీ ఉన్న మీ యూనివర్సిటీలో చేరాలన్న కోరికతో ముగుస్తుంది. యూనివర్సిటీ పేరు మార్చితే పన్నెండు చోట్లకీ సరిపోతుంది.

డల్లాస్‌లో ఉన్న బాబాయ్ సలహా కూడా అదే: "కోర్ బ్రాంచ్‌లో ఏముందమ్మా, ఐటీకి మారిపో." ఆయన మాటని నేను తేలిగ్గా తీసుకోలేదు. అక్కడ లోన్ తీర్చుకున్న మనిషి ఆయన. అమెరికాలో కొన్ని పవర్ కంపెనీలు, యుటిలిటీలు వీసా స్పాన్సర్ చేయవు, అది నిజం. అయితే చదువు అయ్యాక అక్కడ పనిచేయడానికిచ్చే అనుమతి, ఓపీటీ విషయంలో పవర్ ఇంజినీరింగ్‌కీ కంప్యూటర్స్‌కీ తేడా లేదు. 12 నెలలు, దాని మీద సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీలకిచ్చే స్టెమ్ పొడిగింపు 24 నెలలు, రెండింటికీ ఒకటే. ఈ సంగతి ఆ కుటుంబానికి ఎవరూ చెప్పలేదు.

నేను ఎస్‌ఓపీ పక్కన పెట్టి, ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఏం చేస్తున్నావని అడిగాను. సోలార్ ఇన్వర్టర్ సిమ్యులేషన్ అంది. సీనియర్ల ఫైలు ఉందట, అందరూ అదే చేస్తారట. ఇంట్లో కరెంటు సమస్యలు ఏమన్నా ఉన్నాయా అని అడిగితే మాత్రం పది నిమిషాలు ఆగకుండా మాట్లాడింది. రాత్రి రెండు దాటాక వోల్టేజీ పడిపోతుంది, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ల మోటార్లు కాలిపోతాయి, ప్రతి సీజన్‌లో నాన్న రీవైండింగ్‌కి పట్టుకెళ్తారు, చుట్టుపక్కల చెరువులన్నిటిదీ ఇదే గోల. మోటారు ఆగితే చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీవో) పడిపోయి రొయ్యలు తేలిపోతాయి. తెల్లవారుజామున అయితే అందుకు అరగంట కూడా పట్టదు.

అది విన్నాక సోలార్ ఇన్వర్టర్ గురించి మళ్లీ మాట్లాడలేదు.

కొలిచిన పని

ఈ భాగం కాస్త పొడుగ్గా రాస్తాను, ఎందుకంటే తర్వాత ఎస్‌ఓపీ, సిఫార్సు లేఖలు, ఇంటర్వ్యూ అన్నీ దీని మీదే నిలబడ్డాయి.

మెషీన్స్ ల్యాబ్ నుంచి క్లాంప్ మీటర్, మల్టీమీటర్ రాసిచ్చి పంపాను. దసరా సెలవుల్లో తను చెరువు గట్టు మీద స్టార్టర్ దగ్గర కూర్చుని రాత్రంతా గంట గంటకీ రీడింగులు తీసింది. పక్కన వాళ్ల నాన్న టార్చి పట్టుకున్నారు. సాయంత్రం ఆరింటికి 400 పైన ఉన్న వోల్టేజీ, అన్ని చెరువుల్లో ఏరేటర్లు ఎక్కాక తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున మూడింటికి 340కి వచ్చింది. లో టెన్షన్ సరఫరాలో వోల్టేజీ 6 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదన్నది మనకి ఎప్పటి నుంచో ఉన్న నిబంధన. 415 మీద లెక్కేస్తే కింది హద్దు 390.

ఇండక్షన్ మోటారు టార్క్ (తిప్పే బలం) వోల్టేజీ వర్గానికి అనులోమంగా ఉంటుందని ట్రిపుల్‌ఈ పిల్లలందరికీ తెలుసు. 340ని 415తో భాగించి వర్గం చేస్తే 0.67. అంటే మోటారు ఇవ్వగల టార్క్‌లో మూడో వంతు పోయింది. అదే పని చేయాలంటే కరెంటు ఎక్కువ లాగాలి, వైండింగ్‌లో వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. పరీక్షలో రాసి మర్చిపోయిన సూత్రం తన ఇంటి చెరువు మీద పనిచేయడం చూసి తనకి కలిగిన ఉత్సాహం వేరు. ఆ రీడింగుల నోట్‌బుక్ నా టేబుల్ మీద పెట్టినప్పుడే, ఈ ఫైలు పవర్ సిస్టమ్స్‌లోనే వెళ్లాలని నేను గట్టిగా అనుకున్నాను.

తర్వాత తను ఓపెన్‌డీఎస్‌ఎస్ నేర్చుకుంది. అమెరికాలో ఎప్రీ అనే విద్యుత్ పరిశోధన సంస్థ 2008లో ఉచితంగా బయటపెట్టిన డిస్ట్రిబ్యూషన్ సాఫ్ట్‌వేర్ అది, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. లైన్ పొడవులు, కండక్టర్ సైజులు కావాలంటే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీర్ దగ్గరికి వెళ్లింది. ఆయన విసుక్కోకుండా ఆ ట్రాన్స్‌ఫార్మర్ స్కెచ్ గీసి ఇచ్చారు, రెండు మూడుసార్లు ఫోన్‌లో సందేహాలు తీర్చారు. ఇది ఆయన ఉద్యోగంలో భాగం కాదు. ఇలాంటి ఇంజినీర్లు మన జిల్లాల్లో చాలామందే ఉన్నారు, పిల్లలు వెళ్లి అడగరంతే.

అయితే ఇక్కడిదాకా వచ్చింది ఇంకా మంచి బీటెక్ ప్రాజెక్ట్ మాత్రమే. రీసెర్చ్ ప్రశ్న తర్వాత, ఒక ఈమెయిల్ జవాబుతో వచ్చింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఎక్కడికి అప్లై చేయాలి

ర్యాంకింగ్ జాబితా తీసేసి, ఈ సమస్య మీద ఎవరు పనిచేస్తున్నారని వెతకమన్నాను. తను చదివినవాటిలో కాలిఫోర్నియా, అరిజోనాల్లో గ్రిడ్ ఇంజినీర్లు ఏళ్లుగా పట్టించుకుంటున్న ఒక సమస్య కనిపించింది. ఎండాకాలంలో ఎక్కడో ఫాల్ట్ వచ్చి వోల్టేజీ ఒక్కసారి పడితే ఇళ్లలోని ఏసీ కంప్రెసర్ మోటార్లు ఆగిపోతాయి, ఆగిన మోటారు చాలా కరెంటు లాగుతుంది, దాంతో ఫాల్ట్ పోయాక కూడా వోల్టేజీ వెంటనే కోలుకోదు. అక్కడి పశ్చిమ గ్రిడ్ తన లోడ్ మోడల్‌లోకి ఈ మోటార్లను విడిగా చేర్చింది కూడా ఇందుకే. ఫీనిక్స్‌లో ఏసీ, ఆకివీడులో ఏరేటర్. రెండు చోట్లా చిన్న మోటార్లు గుంపుగా ఒక బలహీనమైన లైన్ చివర ఉన్నాయి.

ఆ కోణంలో చూసి ఏడు ఎంచుకుంది. నాలుగింటికి నేరుగా పీహెచ్‌డీ, మూడింటికి థీసిస్ ఉన్న ఎంఎస్. బీటెక్ తర్వాత నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. చేరితే సాధారణంగా ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) లేదా టీఏ (టీచింగ్ అసిస్టెంట్) రూపంలో ట్యూషన్ మాఫీ, నెల జీతం వస్తాయి. అరిజోనా స్టేట్, అయోవా స్టేట్, టెక్సాస్ ఏ అండ్ ఎం లాంటి చోట్ల పవర్ గ్రూపులు పెద్దవి. వర్జీనియా టెక్‌లో ఫడ్కే, థార్ప్ బృందం 1988లో గ్రిడ్ స్థితిని కొలిచే మొదటి ఫేజర్ మెజర్‌మెంట్ యూనిట్ తయారు చేసింది. వాషింగ్టన్ స్టేట్ ఉన్న పుల్‌మన్ చిన్న ఊరే, కానీ ప్రపంచమంతా రిలేలు (కరెంటు లైన్లలో ఫాల్ట్ గుర్తించే పరికరాలు) అమ్మే ష్వైట్జర్ కంపెనీ పుట్టింది అక్కడే. ఇవన్నీ తను స్వయంగా వెతికి, ఒక్కో యూనివర్సిటీ ఎదురుగా ఒక్కో ప్రొఫెసర్ పేపర్ చదివి, మూడు వాక్యాల్లో రాసుకుంది. మూడు వాక్యాలు రాయలేకపోయిన యూనివర్సిటీని కొట్టేయమన్నాను. అలా రెండు పెద్ద పేర్లు పోయాయి.

జీఆర్‌ఈ సెప్టెంబరులో రాసింది. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్ష రెండు గంటల లోపే అయిపోతోంది, ఎస్సే కూడా ఒక్కటే. టోఫెల్ అక్టోబరులో. రెండూ తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయికి బాగానే వచ్చాయి, వాటి గురించి ఇంతకంటే రాయాల్సింది లేదు. పరీక్షలు, అప్లికేషన్ ఫీజులు, స్కోర్ రిపోర్టులు కలిపి ఖర్చు లక్ష దాటింది. ఇది ముందే లెక్కేసి తండ్రికి చెప్పాం. మన దేశంలో పీజీ సీట్లకి రాసే గేట్‌కి కూడా అప్పుడే అప్లై చేయించాను. విదేశాలకి వెళ్లేవాళ్లకి గేట్ ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఫీజు తక్కువ, స్కోరు మూడేళ్లు పనిచేస్తుంది, అన్నిటికీ మించి సిలబస్ మళ్లీ చదివినట్లవుతుంది. ఈ కేసులో ఆ నిర్ణయమే చివరికి దారి చూపింది.

ఎస్‌ఓపీ

కన్సల్టెన్సీ ఎస్‌ఓపీలో ఒక్క వాక్యం కూడా ఉంచలేదు. పవర్ వైపు వెళ్లే భారతీయ విద్యార్థుల ఎస్‌ఓపీలు చాలావరకు రెండు రకాలుగా మొదలవుతాయి. ఒకటి చిన్నప్పటి బొమ్మ విప్పి చూశానని, రెండోది 2012 జూలై 30, 31 తేదీల గ్రిడ్ ఫెయిల్యూర్‌తో. రెండోది గొప్ప సంఘటనే, కానీ రాసేవాళ్లకి అప్పుడు ఎనిమిదేళ్లుంటాయి, దాని మీద వాళ్లు చేసిన పని ఏమీ ఉండదు.

తన మొదటి పేరాలో తెల్లవారుజామున మూడింటికి మీటర్ చూపించిన 340 రాయించాను. రెండో పేరాలో ఆ సంఖ్య ఎలా కొలిచింది, ఎందుకు పడింది. మూడో పేరా మీద మా ఇద్దరికీ వాదన జరిగింది. తను "నా పరిశోధన ఆక్వా రైతుల సమస్యను పరిష్కరిస్తుంది" అని రాసింది. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్, ఒక్క సీజన్, చేతి మీటర్‌తో తీసిన రీడింగులు. హార్మోనిక్స్ (కరెంటు తరంగంలో వచ్చే వంకరలు) కొలవలేదు, రీడింగులు తనంతట తానే నమోదు చేసే లాగర్ లేదు. ఈ హద్దులన్నీ అదే పేరాలో రాయమన్నాను. "మేడమ్, మన లోపాలు మనమే చెప్పుకోవడమా?" అని భయపడింది. అడ్మిషన్ కమిటీలో కూర్చునేది రోజూ డేటా చూసే ప్రొఫెసర్లు. ఏది కొలిచావో ఏది కొలవలేదో స్పష్టంగా రాసిన విద్యార్థిని వాళ్లు నమ్ముతారు. చేతి మీటర్‌తో మోటార్ల సమస్య తీర్చేశానన్న విద్యార్థిని నమ్మరు. చివరికి ఆ పేరా నిలిచింది, నాకు ఆ ఎస్‌ఓపీలో అన్నిటికంటే ఇష్టమైనది అదే.

బ్యాక్‌లాగ్ సంగతి ఎస్‌ఓపీలో లేదు. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఎలాగూ కనిపిస్తుంది. వివరణకి విడిగా చోటు ఇచ్చిన అప్లికేషన్లలో రెండు లైన్లు రాసింది: ఏ సబ్జెక్టు, ఎప్పుడు క్లియర్ అయింది, దానికి సంబంధించిన మెషీన్స్ సబ్జెక్టుల్లో తర్వాత వచ్చిన గ్రేడ్లు. అమ్మమ్మ ఆరోగ్యం, డెంగీ లాంటి కారణాలు నిజమైనా సరే, అక్కడ అక్కర్లేదు.

సిఫార్సు లేఖలు

మన కాలేజీల్లో అప్లికేషన్ బలహీనపడేది ఎక్కువగా ఇక్కడే. "నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతా" అన్న మాట వినని విద్యార్థి ఉండడు. ఈ అమ్మాయికీ ఒక సీనియర్ ప్రొఫెసర్ అదే చెప్పారు. ఆయనది చెడ్డ ఉద్దేశం కాదు, క్లాసులు, వాల్యుయేషన్, నాక్ (కాలేజీ గుర్తింపు తనిఖీ) పనుల మధ్య అదొక్కటే దారిగా కనిపిస్తుంది. కానీ విద్యార్థి రాసిన మూడు లేఖలూ ఒకే గొంతులో ఉంటాయి, ఎస్‌ఓపీలో ఉన్న వాక్యాలే లేఖల్లోనూ కనిపిస్తాయి. చదివేవాళ్లకి అది వెంటనే తెలుస్తుంది. అది నిజాయితీ లేని పని కూడా, విద్యార్థి చేత మనం ఆ పని చేయించకూడదు.

నేను వాడే పద్ధతి చెబుతాను. విద్యార్థి లేఖ రాయదు. ఒక్క పేజీలో వాస్తవాలు మాత్రం ఇస్తుంది: మీ దగ్గర ఏ సబ్జెక్టు, ఏ ఏడాది, ఏ ల్యాబ్, మీరు చూసిన నా పని ఏది, డెడ్‌లైన్లు ఎప్పుడు. లేఖ టీచరే రాస్తారు. ఇంగ్లీష్ అలంకారం అవసరం లేదు, ఒక నిజమైన సంఘటన చాలు. ఆ సీనియర్ ప్రొఫెసర్‌కి ఈ పేజీ ఇచ్చాక, ల్యాబ్‌లో ఆమె బ్లాక్డ్ రోటర్ టెస్ట్ రీడింగులు గ్రాఫ్‌కి కుదరకపోతే మార్చి రాయకుండా మళ్లీ చేసిందని తనంతట తానే గుర్తు చేసుకుని రాశారు. ఆ సంగతి విద్యార్థినికే గుర్తు లేదు.

రెండో లేఖ ప్రాజెక్ట్ గైడ్‌గా నాది. మూడోది డిస్కం ఏఈ గారిది. కాలేజీ బయటి మనిషి, అదీ ఫీల్డ్ ఇంజినీర్, ఆమె తెచ్చిన డేటా తనకి పనికొచ్చిందని రాశారు. అంతకంటే విలువైన మాట ఏ ప్రొఫెసరూ రాయలేరు. ఒక చిన్న జాగ్రత్త: లేఖలు పంపే లింకులు ఆఫీసు ఈమెయిల్‌కి రావాలి. మన కాలేజీల్లో సగం మంది సొంత జీమెయిల్ ఇస్తారు, కొన్ని యూనివర్సిటీలు దాన్ని ఒప్పుకోవు లేదా అనుమానిస్తాయి. సంస్థ డొమైన్ ఈమెయిల్ లేకపోతే సెప్టెంబరులోనే తీయించుకోవాలి. డిసెంబరు మొదటి వారంలో ఐటీ సెల్ చుట్టూ తిరిగే టెన్షన్ ఉండదు.

ఒక ప్రశ్న

నవంబరులో తను కొందరు ప్రొఫెసర్లకి ఈమెయిల్ రాసింది. చిన్న ఈమెయిల్, జతగా రెండు పేజీల పీడీఎఫ్, అందులో రాత్రంతా వోల్టేజీ ఎలా పడిందో చూపించే గ్రాఫ్ ఒకటి. చాలామంది జవాబివ్వలేదు, అది మామూలే. ఒకాయన ఒకే లైన్ రాశారు: మోటార్లు పూర్తిగా ఆగిపోయాయా, వేగం తగ్గి తిరుగుతూనే ఉన్నాయా?

తను వేగం కొలవలేదు. ఆ మాటే జవాబుగా రాసి, కొలిచి చెబుతానంది. ల్యాబ్ టాకోమీటర్ పట్టుకుని శనివారం బస్సెక్కింది.

ఆ రాత్రి దొరికింది ఎవరూ ఊహించనిది. 340 దగ్గర కూడా మోటారు ఆగలేదు. 1,430 ఉండాల్సిన వేగం 1,395కి తగ్గింది, అంతే. ఏరేటర్ తిప్పే తెడ్డు చక్రానికి కావాల్సిన టార్క్ వేగంతో పాటు తగ్గుతుంది కాబట్టి మోటారు ఈడ్చుకొస్తోంది. మరి కాలిపోయేది ఎప్పుడు? నాన్న నోటి మాటగా చెప్పిన కాలిన తేదీలన్నీ రాసి చూస్తే, ఎక్కువ భాగం కరెంటు పోయి వచ్చిన రాత్రులు. మన దగ్గర చెరువులకీ బోర్లకీ రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకుంటారు. కరెంటు రాగానే మనిషి లేవకుండానే మోటారు ఎక్కుతుంది. రొయ్యల రైతుకి అది విలాసం కాదు, తెల్లవారుజామున చెరువు బతకాలంటే తప్పదు. కానీ ఒక 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడ్ కరెంటు 139 ఆంపియర్లు. దాని కింద ముప్ఫై అయిదు రెండు హెచ్‌పీ మోటార్లు నడుస్తుంటే సుమారు 125. అవన్నీ ఒకే క్షణంలో స్టార్ట్ అయితే, స్టార్టింగ్ కరెంటు ఆరు రెట్లు అనుకుంటే, ఏడు వందలు దాటుతుంది. అలాంటి ఒక స్టార్టింగ్ తన మీటర్‌కి దొరికింది. వోల్టేజీ 290కి పడింది, టార్క్ సగానికి వచ్చింది, లైన్ చివరి మోటార్లు మూలుగుతూ నిలబడిపోయాయి, వైండింగ్ వాసన వచ్చాక వాళ్ల నాన్న ఒక్కొక్కటీ ఆపుకుంటూ వెళ్లారు.

ఇది ఫీనిక్స్ ఏసీల సమస్యకి దగ్గరి బంధువు. ఇప్పుడు తన దగ్గర ఒక ప్రశ్న ఉంది: బలహీనమైన ఫీడర్ చివర గుంపుగా స్టార్ట్ అయ్యే మోటార్లను లోడ్ మోడల్‌లో ఎలా చూపాలి, వాటి స్టార్టింగ్‌ని కొన్ని సెకన్ల తేడాతో విడదీస్తే వోల్టేజీ ఎంత కోలుకుంటుంది? నాన్న చెరువుల మీద ఆరు మోటార్ల ఆటో స్టార్టర్లకి వేర్వేరు ఆలస్యాలతో టైమర్లు పెట్టి చూసింది కూడా. ఎస్‌ఓపీ చివరి పేరా మళ్లీ రాసి, డిసెంబరు 15 డెడ్‌లైన్‌కి ముందు పంపింది. ఆ ప్రొఫెసర్‌కి కొత్త గ్రాఫ్ పంపింది. జనవరిలో ఆయన జూమ్‌లో మాట్లాడారు.

2025 వసంతం

ఫలితాలు ఇవీ. నాలుగు రిజెక్టులు. రెండు ఎంఎస్ అడ్మిట్లు, రెండూ ఫండింగ్ లేకుండా. జూమ్‌లో మాట్లాడిన ప్రొఫెసర్ ఉన్న చోట పీహెచ్‌డీ వెయిట్‌లిస్ట్.

ఆ ఏడాది అమెరికాలో ఫెడరల్ పరిశోధన నిధుల మీద అనిశ్చితి వచ్చి, చాలా యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, కొన్ని ఇచ్చిన ఆఫర్లే వెనక్కి తీసుకున్నాయి. ఆ ప్రొఫెసర్ మార్చిలో నిజాయితీగా రాశారు: నీ పని నాకు నచ్చింది, గ్రాంట్ ఖాయం కాలేదు. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానానికి ఒప్పుకున్న యూనివర్సిటీలు ఫండింగ్ ఆఫర్‌కి ఏప్రిల్ 15 లోపు జవాబు ఇవ్వమని ఒత్తిడి చేయకూడదు. అందుకే వెయిట్‌లిస్టులు ఆ తేదీ చుట్టూ కదులుతాయి. ఏప్రిల్ 15 వచ్చింది, పోయింది, గ్రాంట్ రాలేదు.

ఇంట్లో అసలు చర్చ అప్పుడు మొదలైంది. ఫండింగ్ లేని ఎంఎస్‌కి రెండేళ్ల ఖర్చు యాభై లక్షలకి దగ్గర. తండ్రి సొంత రెండెకరాలు బ్యాంకుకి పెట్టడానికి సిద్ధమయ్యారు. "పిల్ల ఇంత కష్టపడిందండీ మేడమ్ గారూ, నేను వెనకాడితే ఎలా?" అన్నారు. ఎవరో ఖాతాలో తాత్కాలికంగా డబ్బు చూపించి వీసాకి కావాల్సిన ఐ-20 పత్రం తెప్పిస్తామని కూడా చెప్పారట. అది వద్దని నేను గట్టిగా చెప్పాను. వీసా అధికారి ముందు అబద్ధంతో నిలబడే పరిస్థితి ఏ విద్యార్థికీ రాకూడదు. ఇక చెరువులు తాకట్టు పెట్టడం గురించి అడిగితే నా అభిప్రాయం దాచుకోలేదు. రొయ్యల ధర ఒక్క ఏడాది పడితే వడ్డీ కట్టలేని కుటుంబం, అదే ఆదాయాన్నిచ్చే నేలని పెట్టి అప్పు తీసుకోకూడదు. ఫండింగ్ లేని ఎంఎస్ అందరికీ తప్పని నేను అనను, జీతాలు వచ్చే ఇంట్లో లెక్క వేరుగా ఉంటుంది.

గేట్ 2025 ఫలితాలు మార్చి 19న వచ్చాయి. ఆ ఏడాది పరీక్ష నిర్వహించింది ఐఐటీ రూర్కీ. తన స్కోరు 620 దాటింది. ఎంటెక్ కోసం కోప్, సీసీఎంటీ కౌన్సెలింగ్‌లు ఒక దారి. ఐఐటీల్లో, ఐఐఎస్‌సీలో రీసెర్చ్ డిగ్రీలు ఇంకో దారి, వాటికి గేట్ స్కోరుతో షార్ట్‌లిస్ట్ చేసి పరీక్ష, ఇంటర్వ్యూ పెడతారు. తను రీసెర్చ్ దారి మీదే దృష్టి పెట్టింది. ఇక్కడ ఓబీసీ-ఎన్‌సీఎల్ సర్టిఫికెట్ కావాల్సినవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదే చెల్లుతుంది. రాష్ట్ర ఫార్మాట్‌లో ఉన్న పాత కాగితం పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లి ఇబ్బంది పడే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. సచివాలయంలో ముందే అప్లై చేయాలి.

మే నెలలో ఒక ఐఐటీలో ఎంఎస్ బై రీసెర్చ్ ఇంటర్వ్యూ. ప్యానెల్ మొదటి ప్రశ్న: ఇండక్షన్ మోటారు టార్క్, వేగం గ్రాఫ్ గీయి. గీసింది. వోల్టేజీ తగ్గితే? దాని కిందే 290 వోల్టుల గ్రాఫ్ గీసి, రెండింటి మీదుగా తెడ్డు చక్రం లోడ్ గ్రాఫ్ కూడా గీసి, తిరుగుతున్న మోటారు ఎందుకు ఆగకుండా తిరుగుతుందో, ఆగిన మోటారు ఎందుకు లేవదో అవే గీతల మీద చూపించింది. ఆ తర్వాత పావుగంట వాళ్లు చెరువుల గురించే అడిగారట. స్టెబిలిటీలో లియాపునోవ్ పద్ధతి అడిగితే తెలియదంది. ఇంకో ప్రశ్న తప్పు చెప్పింది. సీటు వచ్చింది.

మే 27న అమెరికా విదేశాంగ శాఖ కొత్త స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూల బుకింగ్ ఆపేసింది, జూన్ మూడో వారంలో గానీ మళ్లీ తెరవలేదు. ఆమెతో పాటు అమెరికా అడ్మిట్లు తెచ్చుకున్న మా పిల్లలు హైదరాబాద్ స్లాట్ల కోసం రాత్రుళ్లు మేల్కొని కూర్చున్నారు. తను రెండు అడ్మిట్లూ మర్యాదగా వదులుకుంటూ ఈమెయిల్ రాసి, జూలైలో ఐఐటీలో చేరింది. గేట్‌తో చేరిన పీజీ విద్యార్థులకి ఏళ్లుగా నెలకి 12,400 రూపాయల స్థాయిలోనే స్టైపెండ్ ఉంది. ఎక్కువేమీ కాదు, కానీ నాన్న చెరువుల మీద అప్పు లేదు.

ఇప్పుడు

ఆ అమెరికా ప్రొఫెసర్‌తో ఉత్తరాలు ఆగలేదు. ఐఐటీ గైడ్ అనుమతితో తను డేటా లాగర్ పెట్టి అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక పూర్తి సీజన్ రికార్డ్ చేయబోతోంది. ఏఈ గారు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన ఆయనకి పాతాయనే ఫోన్ చేసి చెప్పారు. 2026 డిసెంబరులో మళ్లీ పీహెచ్‌డీకి అప్లై చేయాలన్నది తన ఆలోచన. జీఆర్‌ఈ స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది కాబట్టి 2029 దాకా బెంగ లేదు. టోఫెల్ రెండేళ్లే. అది మళ్లీ రాయాలి, పైగా 2026 జనవరి నుంచి దాని స్కోరు 1 నుంచి 6 స్కేల్‌కి మారింది. లేఖల్లో నా పేరు ఈసారి మూడోది. మొదటి రెండూ ఐఐటీ నుంచి రావాలి, వాళ్లకి ఇవ్వాల్సిన ఒక్క పేజీ వాస్తవాలు తను ఇప్పటికే రాయడం మొదలుపెట్టింది.